కుట్టు పడవ డైరీ: కళింగపట్నం ఒడ్డున రెండు నెలలు

ఏప్రిల్ 16

నిన్నటి నుంచి వేట లేదు. జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు తూర్పు తీరమంతా ఇంతే. కళింగపట్నం ఒడ్డున బోట్లన్నీ ఇసుక మీదికి ఎక్కాయి. ఇంజన్లు విప్పి భుజాన వేసుకుని ఇళ్లకు మోసుకెళ్లారు. వలలు సరుగుడు చెట్ల కింద కుప్పలుగా ఉన్నాయి. నలుగురైదుగురు వాటి ముందు కూర్చుని చిరుగులు వెతుకుతున్నారు.

నేను ఫైబర్ బోట్లకు మరమ్మతులు చేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. వేట ఆగిన ఈ రెండు నెలలే నాకు ఊపిరి సలపని కాలం. అయినా ఈ ఏడాది తెల్లవారుజామున రెండు గంటలు, పొద్దు వాలాక రెండు గంటలు వేరే పనికి పెట్టుకున్నాను. ఒక్క మేకు లేకుండా, కొబ్బరి తాడుతో బల్లలు కుట్టి, పన్నెండు అడుగుల పడవ చేయాలి. మా తాతల నాటి పడవలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ.

దీనికి మూలం మా గొడ్ల సావిడిలో దొరికిన ఒక బల్ల. పైకప్పు మారుస్తుంటే దూలం మీద, గడ్డి కింద కనిపించింది. ఐదడుగుల పొడవు, జానెడు వెడల్పు. రెండు అంచుల వెంట వరసగా రంధ్రాలు. ఒక రంధ్రంలో తాడు ముక్క ఇంకా బిగుసుకుని ఉంది. నల్లబడింది కానీ గోటితో గిల్లినా రాలలేదు.

"అది మీ తాత పడవలోది. పడవ పాడయ్యాక అన్నీ పొయ్యిలోకే పోయాయి. ఈ ఒక్కటీ కాల్చవద్దన్నాడు" అని అమ్మ చెప్పింది.

2025 మేలో మన నౌకాదళం కార్వార్‌లో కౌండిన్య అనే కుట్టు నౌకను చేర్చుకుంది. అజంతా గుహల్లోని ఐదో శతాబ్దపు చిత్రాన్ని చూసి, కేరళ పనివాళ్లు కొబ్బరి తాడుతో కుట్టిన ఓడ అది. ఆ రోజు ఫోనులో చిత్రాలు చూస్తుంటే సంతోషం పట్టలేకపోయాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఒకటే ఆలోచన. ఇదే కుట్టు మా ఒడ్డున కూడా ఉండేది. ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది?

ఏప్రిల్ 19

పెదనాన్న చేతుల్లో ఉంది. మా నాన్నకు వరసకు అన్న, ఎనభై ఏళ్లు. ఒక కంటికి చూపు దాదాపు లేదు. బల్లను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వేళ్లతో తడిమాడు.

"ఇది ఎడమ పక్క బల్ల. అడుగుది కాదు, నీటికి పైన ఉండేది" అన్నాడు.

ఎలా తెలిసిందని అడిగాను. నా చూపుడు వేలు పట్టుకుని ఒక రంధ్రంలో పెట్టాడు. రంధ్రం గుండ్రంగా లేదు. ఒక వైపు అంచు అరిగి, నున్నగా చిన్న గాడిలా పడింది. తాడు ఎటు లాగితే అటు అరుగుతుంది. పై వరస రంధ్రాలు పైకి, కింది వరసవి కిందికి అరిగాయి. ఆ అరుగుదల కొంచెం ముందుకు వాలి ఉంది. బల్ల ఏ పక్కదో, ముక్కు ఎటు ఉండేదో ఆ వాలు చెబుతుంది. లోపలి ముఖాన, అంచు పొడవునా, గడ్డి ఒత్తుకుపోయిన మచ్చ సన్నని చారలుగా ఉంది. చెక్క మీద ఇంత రాత ఉందని ఇన్ని రోజులు నాకు తెలియదు.

కొలతలు రాసుకున్నాను. బల్ల మందం అంగుళం పైచిలుకు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం ఎక్కడా ఒకేలా లేదు, రెండున్నర నుంచి మూడు అంగుళాలు. నేను టేపుతో కొలుస్తుంటే పెదనాన్న తన రెండు వేళ్లు పక్కపక్కన ఆనించి చూపించాడు. కొలత అదే. ఎవరు రంధ్రాలు తొలిస్తే వాళ్ల వేళ్లు.

ఏప్రిల్ 26

ఈ వారం పని కంటే చదువు ఎక్కువ సాగింది. శ్రీకాకుళంలో తెలిసిన మాస్టారు ఒకరు పాత పుస్తకాల నకళ్లు ఇచ్చారు.

ఇంగ్లిషు పుస్తకాల్లో ఈ పడవ పేరు మసూలా. ఆ మాట మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు. మాకు పడవ అంటే కుట్టు పడవే. మిగతావి తెప్ప, నావ, ఇప్పుడు ఫైబరు. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ మన దేశపు పడవల మీద 1920లో ఒక పెద్ద పరిశీలన ప్రచురించారు. అందులో మసూలా, తెప్ప రెండూ ఉన్నాయి. ఆయన వివరణ చదివి వినిపిస్తుంటే పెదనాన్న మధ్యమధ్య తల ఊపాడు.

ఈ పడవ ఇలా ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే మా సముద్రం ముందు నిలబడాలి. తూర్పు తీరంలో లోతైన సహజ రేవులు తక్కువ. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం, అన్నీ బయలు రేవులే. ఓడ దూరాన లంగరు వేసుకుంటుంది. దానికీ ఒడ్డుకూ మధ్య రెండు మూడు వరసలుగా కెరటాలు విరుగుతుంటాయి. ఇంగ్లిషు ఓడల వాళ్ల చిన్న పడవలు గట్టి చట్రంతో, మేకులతో బిగించినవి. ఆ కెరటం ఎత్తి ఇసుక మీద పడేస్తే పగిలిపోయేవి. మా పడవకు లోపల చట్రమే లేదు. బల్లలు, తాడు, గడ్డి అంతే. దెబ్బ తగిలినప్పుడు ఒళ్లంతా కొంచెం కొంచెం కదిలి, ఆ దెబ్బను అన్ని కుట్లకూ పంచేస్తుంది.

మద్రాసులో 1639లో ఈస్టిండియా కంపెనీకి చోటు దొరికిన నాటి నుంచి, 1875లో రేవు కట్టడం మొదలుపెట్టే దాకా, ఎంత పెద్ద దొర అయినా ఓడ దిగి ఈ పడవలోనే ఒడ్డుకు రావాలి. అలలు మరీ లేచిన రోజున పడవ కూడా కదలకపోతే తెప్పల వాళ్లు ఉత్తరాలను తాటాకు టోపీలో దాచుకుని ఓడకు చేరవేసేవారు. అది మద్రాసు సంగతి. మా ఊళ్లోనూ ఆ పనిలో ఉన్నవాళ్లు ఉండేవారని పెదనాన్న తన తాత నోట విన్నాడు. ధాన్యం, నూనెగింజల బస్తాలు పడవలో వేసుకుని కెరటాలు దాటి ఆవిరి ఓడకు అందించేవారట. రంగూన్‌కు కూలికి వెళ్లే మనుషులను కూడా.

బస్తాల కంటే ఆ మనుషుల గురించే నేను ఎక్కువగా ఆలోచించాను. ఎప్పుడూ సముద్రం ఎక్కని రైతు కూలీ, తల మీద మూటతో, ఊగుతున్న బల్లల మధ్య కూర్చుని, కాళ్ల కింద కుట్ల నుంచి నీళ్లు ఊరుతుంటే చూసి ఉంటాడు. బారువ దగ్గర 1917లో మునిగిన చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలాలు ఇప్పటికీ సముద్రం అడుగున ఉన్నాయి. ఓడ పేరు మిగిలింది. మనుషులను ఓడలకు చేర్చిన పడవలకు పేర్లు కూడా లేవు.

తర్వాతి కథ చిన్నది. 1890ల్లో రైలు వచ్చింది. సరుకు రైలెక్కింది. 1933లో విశాఖపట్నం రేవు తెరిచారు. బయలు రేవులకు ఓడలు రావడం క్రమంగా తగ్గిపోయింది. పడవకు మిగిలింది చేపల వేట, అందులోనూ పెద్ద వల. తాడు ఒక కొస ఒడ్డున వదిలి, వలను అర్ధచంద్రంలా సముద్రంలో పరుస్తూ తిరిగి ఒడ్డుకు రావాలి. అంత బరువైన వలను కెరటాల మీదుగా మోయగలిగింది ఈ పడవే.

పాత కాగితాలు వెతికే వాళ్లకు ఒక మాట. కళింగపట్నం గురించి విశాఖపట్నం జిల్లా పుస్తకాల్లో వెతికి నేను ఒక రోజు పోగొట్టుకున్నాను. ఒడిశా ఏర్పడిన 1936 దాకా ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. వెతకవలసింది అక్కడ.

ఏప్రిల్ 30

కోత మిల్లు నుంచి మామిడి బల్లలు వచ్చాయి. ముప్పావు అంగుళం మందం. పెదనాన్న ఒక్కొక్క దాన్నీ మెటికలతో తట్టి విని, రెండింటిని పక్కన పెట్టించాడు. వాటిలో ముడులు ఉన్నాయట. పైకి నాకు ఏమీ కనిపించలేదు. తెల్లారి ఒకదాన్ని చిత్రిక పట్టి చూశాను. ముడి ఉంది.

మే 4

మొదటి దెబ్బ తగిలింది. బజారులో కొన్న కొబ్బరి తాడుతో రెండు చిన్న ముక్కలు కుట్టి చూశాను. లాగి బిగిస్తుంటే మూడో రంధ్రం దగ్గర తెగింది. ఇంకో చుట్ట విప్పి ప్రయత్నించాను. మళ్లీ అక్కడే తెగింది.

పెదనాన్న తెగిన కొసను పురి విప్పి చూశాడు. "పీచు పొట్టిది. మిషనులో కొట్టిన పీచు. ఇది మంచానికి పనికొస్తుంది, పడవకు కాదు" అన్నాడు. పడవ తాడుకు కొబ్బరి డొక్కలను ఉప్పునీటి గుంటలో నెలల తరబడి నానబెట్టాలి. కుళ్లి మెత్తబడ్డాక కర్రతో కొట్టి పీచు తీయాలి. అప్పుడు పోగు డొక్క పొడవంతా వస్తుంది. మిషను దాన్ని మధ్యలోనే చింపేస్తుంది.

నెలలు ఆగే వ్యవధి నాకు లేదు. రేపు కొబ్బరి తోటలున్న ఉద్దానం వెళ్తున్నాను.

మే 6

కవిటి, కంచిలి వైపు రెండు రోజులు తిరిగాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను ఎలా పడగొట్టిందో అప్పుడు కళ్లారా చూశాను. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడు కాయలు పడుతున్నాయి. చెట్ల కింద నడుస్తుంటే మనసు తేలికపడింది. ఒక ఊరి చివర గుంటలో డొక్కలు నానబెట్టే అక్కాచెల్లెళ్లు దొరికారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లు. నానిన పీచు పన్నెండు కిలోలు ఇచ్చారు. డబ్బు తీసుకుంటూ, "పడవకా నాయనా? మా అమ్మ పేనేది" అన్నారు. ఇంకో మాట కోసం ఎదురుచూశాను. వాళ్లు అంతే అన్నారు.

మే 10

తాడు పేనడం మా ఇంట్లో పెద్ద జాతర అయింది. అమ్మ, మేనత్త, పక్కింటి ముసలమ్మ, ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. ఎడమ అరచేతిలో పీచు, కుడి అరచేయి దాని మీద జారుతుంది. రెండు పోగులు ఒకే వైపు పురి తిరిగి, వదలగానే ఒకదాన్ని ఒకటి చుట్టుకుంటాయి. మేనత్త మాట్లాడుతూనే పేనుతుంది. చేతుల వైపు చూడదు.

ఆవకాయల రోజులు కదా, పక్కన మామిడికాయల బుట్ట ఉంది. ముసలమ్మ దగ్గర కాయల చెక్కు తీసే ఆల్చిప్ప ఉంది, మధ్యలో అరగదీసి పదును పెట్టినది. తాడు మీద లేచిన నూగును ఆ ఆల్చిప్పతోనే గీరింది. తాడును రంధ్రంలోకి దూర్చి లాగింది. పీచు చిప్ప లోపల ఉండలా మిగిలింది, తాడు నున్నగా బయటికి వచ్చింది. నేను ఇసుక కాగితం తెచ్చి పెట్టుకున్నాను. దాన్ని మళ్లీ సంచిలో పెట్టేశాను.

ఆ చిప్ప ఎక్కడిదని అడిగాను. చిన్నప్పుడు వంశధార మొగ దగ్గర రాళ్లకు అంటుకున్నవి కొట్టి తెచ్చేవారట. మాంసం కూరకు, చిప్పలు సున్నపు బట్టీకి. మంచి చిప్ప దొరికితే ఇలా దాచుకునేవారు. అది ఆమె పెళ్లికి ముందుది.

లెక్క: ఆరు కుట్టు వరసలకు ఆరు వందల అడుగుల తాడు కావాలి. ఇవాళ్టికి రెండు వందల పది అయింది.

మే 15

బల్లలు వంచుతున్నాను. తడిపిన గోనె సంచులు కప్పి, కింద సన్నని మంట పెట్టి, రెండు కొసల మీద ఇసుక బస్తాలు వేసి రాత్రంతా వదిలేయాలి. తొందరపడి ఒక బల్లకు బస్తాలు ఎక్కువ వేశాను. తెల్లవారుజామున ఫెళ్లుమన్న చప్పుడుకు ఇంట్లో అందరూ లేచారు. కొత్త బల్ల తెచ్చాను.

మే 22

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

మొత్తం 732 రంధ్రాలు తొలిచాను, అన్నీ చేతి బరమాతోనే. కరెంటు డ్రిల్లు నా దగ్గర ఉంది. అది రంధ్రం అంచును కాలుస్తుంది, కాలిన అంచు తాడును కోస్తుంది. పొద్దున్నే అడుగు బల్లను ఇసుక మీద పరిచి, మొదటి పక్క బల్లను దాని అంచుకు ఆనించాం. లోపలి వైపు అతుకు మీద గడ్డి, పీచు కలిపి పేనిన వత్తి పెట్టాలి. బొటనవేలంత లావు. దాని మీదుగా తాడు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు అడ్డంగా దాటుతుంది.

కుట్టడానికి ఇద్దరు కావాలి. నేను లోపల, మేనత్త కొడుకు బయట. తాడు దూర్చి అతను లాగుతాడు. నేను కర్రకు తాడు చుట్టి, కర్రను బల్లకు తన్ని పట్టి వెనక్కి వాలుతాను. వత్తి అణుగుతుంది. తాడు జారకుండా రంధ్రంలో చిన్న చెక్క మేకు కొడతాం. తర్వాతి కుట్టు బిగిశాక దాన్ని పీకేస్తాం.

పది కుట్లు అయ్యాయి. పెదనాన్న వచ్చి తాడును వేలితో మీటాడు, తంబుర తీగను మీటినట్టు. "విప్పు" అన్నాడు.

ఎక్కడ తప్పని అడిగాను. మళ్లీ మీటాడు. నాలుగో కుట్టు దగ్గర శబ్దం మొద్దుగా ఉంది. ఏడు, ఎనిమిది మరీ గట్టిగా ఉన్నాయి. "ఒకటి వదులు, ఒకటి బిగువు అయితే కెరటం బిగువు దాని మీదే పడుతుంది. అది తెగితే పక్కది, ఆ తర్వాత పక్కది. అన్నీ ఒకే మాట పలకాలి."

విప్పాం. మళ్లీ కుట్టాం. మళ్లీ విప్పించాడు. మధ్యాహ్నానికి నాలుగడుగులు నిలిచింది. అన్నం తింటూ పెదనాన్న చెప్పింది నాకు చెవిలో మోగుతూనే ఉంది. ఏడాదికొకసారి పడవ మొత్తం విప్పేవారట. తాడు ఉప్పుకూ ఎండకూ చివికిపోతుంది కాబట్టి, వేట మందగించిన రోజుల్లో బల్లలన్నీ విడదీసి, ఎండబెట్టి, కొత్త తాడుతో కుట్టేవారు. పదేళ్ల పిల్లవాడు మొదట వత్తులు అందించేవాడు. రెండో ఏడు మేకులు కొట్టేవాడు. నాలుగో ఏడు తాడు పట్టుకునేవాడు. "నాకు ఎవరూ నేర్పలేదు. ఏటా విప్పడం వల్ల వచ్చింది" అన్నాడు.

పడవలు పోవడం వల్ల విద్య పోయిందని నేను అనుకునేవాణ్ణి. అది సగమే నిజం. కుట్టడానికి బదులు మేకులు కొట్టిన రోజునే పడవను విప్పే పని పోయింది. విప్పే పని లేకపోయాక పిల్లలకు అందించడానికి వత్తి లేదు. ఫైబర్ బోటు అయితే ఒకసారి అచ్చులో పోసి తీస్తే పదేళ్లు చూడనక్కరలేదు. అందుకే అది గెలిచింది, గెలవాలి కూడా. ఇంజను అదురుకు ఈ కుట్టు నిలవదు. నా ఇల్లు గడిచేది ఫైబరుతోనే, దాన్ని తక్కువ చేయను. కానీ మరమ్మతుకు వచ్చే బోట్లలో నూటికి ఎనభైకి పగులు ఒకే చోట ఉంటుంది. ఒడ్డుకు దిగేటప్పుడు అడుగు ఇసుకను గుద్దే చోట. బిగుసుకున్న ఒళ్లు కాబట్టి దెబ్బంతా అక్కడే దిగుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ పగుళ్లకు గాజు పీచు మ్యాట్ వేసి రెజిన్ పూస్తున్నాను. ఆ పగులు ఎందుకు అక్కడే వస్తుందో ఈ రోజు తాడు మీటినప్పుడు తెలిసింది.

మే 30

ఆరు వరసలూ పూర్తయ్యాయి. రెండు కొసలు బిగించడం అనుకున్నంత కష్టం కాలేదు.

సాయంత్రం పెదనాన్న తెప్ప గురించి చెప్పాడు. మా వైపు తెప్ప దుంగలను రెండు సగాలుగా చెక్క మేకులతో బిగించేవారు. వేటకు వెళ్లేటప్పుడు రెండింటినీ కలిపి కట్టడం, వచ్చాక విడదీసి ఎండలో ఆరబెట్టడం. దుంగ నీరు తాగితే బరువెక్కుతుంది కదా. రెండు వేల ఏళ్ల నాటి గ్రీకు నావికుల గ్రంథంలో కూడా తూర్పు తీరాన దుంగలు కలిపి కట్టిన సంగర అనే పెద్ద పడవల ప్రస్తావన ఉందని ఆయనకు చెప్పాను. "కలిపి కట్టకపోతే మోసేదెవరు?" అన్నాడు.

జూన్ 3

పలాస నుంచి జీడిపిక్కల తొక్కు నూనె తెప్పించాను. చెక్కకు, తాడుకు పురుగు పట్టకుండా పూయాలి. చేతికి తొడుగులు వేసుకున్నాను కానీ మణికట్టు దగ్గర జారింది. రాత్రికి బొబ్బలు లేచాయి. అమ్మ కొబ్బరినూనె రాసి, రెండు రోజులు పని ముట్టుకోవద్దంది. పూత మేనత్త కొడుకు పూర్తి చేశాడు.

ఒకటో తారీఖు నుంచి పడమటి తీరంలో కూడా వేట నిషేధం. గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిన మా కుర్రాళ్లు ఇళ్లకు చేరుతున్నారు. వాళ్లు ఊళ్లో కనిపిస్తే నాకు ఎప్పుడూ ప్రాణం లేచి వస్తుంది. 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యే దాకా ఈ వాడల్లో పండగ అన్నది లేదు. ఇవాళ ఆరుగురు కుర్రాళ్లు షెడ్డు దగ్గరికి వచ్చారు. ఇరవై మీటర్ల మరబోటు నడిపిన చేతులు కుట్టు మీద మెల్లగా తిరిగాయి. "మామయ్యా, ఇది నీటి మీద నిలుస్తుందా?" అని ఒకడు అడిగాడు. రేపో ఎల్లుండో చూద్దామన్నాను.

జూన్ 8

వంశధార మొగ దగ్గర, నది వైపు నిలిచిన నీటిలో దించాం. గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టాం. ముక్కుకు పసుపు, కుంకుమ పెట్టింది అమ్మ.

పడవ తేలింది. పది నిమిషాల్లో చీలమండ దాకా నీరు వచ్చింది. అన్ని అతుకుల నుంచీ సన్నగా, చెమట పట్టినట్టు ఊరుతోంది. నా గుండె జారిపోయింది. పెదనాన్న ఒడ్డున తాటి మొద్దు మీద కూర్చుని, "నీళ్లతోనే ఉంచండి. ఎత్తకండి" అని కేక వేశాడు. రాత్రంతా నీళ్లు నిండిన పడవను గుంజకు కట్టి ఉంచాం.

జూన్ 9

తెల్లారి నీళ్లు తోడేసి మళ్లీ తేల్చాం. తాడు ఉబ్బింది, వత్తి ఉబ్బింది, బల్లల అంచులు ఒకదాన్ని ఒకటి ఒత్తుకున్నాయి. గంట సేపు తిరిగితే అడుగున రెండు చెంబుల నీరు. పాత పడవలో నీళ్లు తోడడానికి ఎప్పుడూ ఒక మనిషి ఉండేవాడట. పెదనాన్న పదేళ్ల వయసులో చేసిన మొదటి పని అదే.

ఉప్పు తగలని చోట కుట్లు మీటి చూశాను. అన్నీ దాదాపు ఒకే మాట. కుడి పక్క రెండో వరసలో ఒక్కటి మాత్రం మొద్దుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. పెదనాన్నకు చెప్పక్కరలేదు, ఆయనకు ముందే తెలుసు.

జూన్ 13

పొద్దున ఆరు గంటలకు, పోటు తగ్గాక, కెరటాల్లోకి తీసుకెళ్లాం. వేటకు కాదు, వల లేదు. నలుగురం తెడ్లు పట్టుకున్నాం. మొదటి వరస కెరటం తేలిగ్గా దాటింది. రెండోది ఎదురుగా లేచి ముక్కు మీద విరిగింది.

అప్పుడు చూశాను. నా మోకాలి పక్కనే రెండు బల్లలు ఒకదాని మీద ఒకటి వేలి మందం జరిగాయి. మొత్తం కుట్టు వరస పాములా ఒక్కసారి అలలాడింది. బల్లలు తిరిగి తమ చోటికి వచ్చాయి. చెక్క మూలగలేదు. నా ఒంటికి కూడా దెబ్బ తెలియలేదు. ఫైబర్ బోటులో అదే కెరటానికి నడుం నుంచి పళ్ల దాకా అదురుతుంది. ఇరవై రెండేళ్లు బోట్ల మీద పనిచేశాను. పడవ ఒళ్లు విరుచుకోవడం మొదటిసారి చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు కెరటం వెనక నుంచి ఎత్తి ఇసుక మీద పెట్టింది. దిగి అడుగు తడిమి చూశాను. ఎక్కడా చీలిక లేదు. కుడి పక్క రెండో వరసలో ఆ మొద్దు కుట్టు, దాని పక్కది తెగి ఉన్నాయి. మూడోది నిలిచింది.

ఒడ్డున చాలామంది చేరారు. పెదనాన్న మాట్లాడలేదు. దగ్గరికి వచ్చి తడి బల్ల మీద అరచేయి ఆనించి, అలాగే నిలబడ్డాడు. ఆయన పెదవులు కదిలాయి. ఏమన్నాడో అలల హోరులో వినిపించలేదు.

జూన్ 15

వేట మొదలైంది. అర్ధరాత్రి నుంచే ఒడ్డంతా ఇంజన్ల మోత. నా చేతిలో పని లేదు, మూడు రోజుల్లో మొదటి పగులు వస్తుంది.

పడవను ఏం చేయాలన్నది తేలాలి. కొందరు రంగులు వేసి గుడి దగ్గర పెట్టమన్నారు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన అద్దాల గదిలో ఉంచితే బాగుంటుందన్నాడు. వాళ్ల మంచి మనసును కాదనను. పెదనాన్న మాత్రం మే 22 నాటి మాటే అన్నాడు. "విప్పు."

జూన్ 21

ఆదివారం. బడి లేదు. ఎనిమిది మంది పిల్లలు వచ్చారు, ముగ్గురు ఆడపిల్లలు. పడవను సరుగుడు నీడలో బోర్లించాం. మొదటి కుట్టు నేనే కోశాను. కత్తి పెట్టగానే తాడు టప్పుమని విడింది. చేతికి కొంచెం వణుకు వచ్చింది. తర్వాత పిల్లలు అందుకున్నారు. గడ్డి వత్తులు నల్లగా, ఉప్పు పూసి, విడిగా లేచి వచ్చాయి. బల్లలు ఒక్కొక్కటీ ఇసుక మీద పరుచుకున్నాయి. మధ్యాహ్నానికి పడవ లేదు, ఏడు బల్లలు, రెండు కొసలు, ఒక తాడు కుప్ప ఉన్నాయి. ముసలమ్మ ఆల్చిప్ప పట్టుకుని వచ్చి కూర్చుంది. నానిన పీచు ఇంకా నాలుగు కిలోలు ఉంది.

పదేళ్ల మేనకోడలు ఒక బల్ల ఎత్తి, ఇది ఎటు పక్కదని అడిగింది. గుర్తులు పెట్టడం మరిచిపోయానని అప్పుడు తెలిసింది. నేను కాగితాలు వెతుకుతున్నాను. పెదనాన్న ఆ పిల్ల చూపుడు వేలు పట్టుకుని ఒక రంధ్రంలో పెట్టాడు.